సబ్‌వూఫర్ పెట్టించాక బండి ఆగింది, నాన్న మాట మానేశారు

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

వయసు 28. కాజీపేటలో ప్రైవేటు ఉద్యోగం. తండ్రి ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఎక్కువ కాలం ఏటూరునాగారం రూటులో బస్సు నడిపారు. రిటైర్మెంట్ డబ్బులో కొంత పెట్టి ఏడాదిన్నర కిందట చిన్న పెట్రోలు కారు కొన్నారు. బండి తండ్రి పేరు మీదే ఉంది, వారంటీ ఇంకా నడుస్తోంది. ఈ మధ్య ఉత్తరం రాసినాయన బామ్మర్దికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో బావకు ఒక పవర్డ్ సబ్‌వూఫర్ కొనిచ్చాడు. అంటే పాటల్లో బేస్, ఆ లోతైన గుమ్ము శబ్దం కోసం పెట్టే స్పీకర్ డబ్బా. శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ లోపలే ఉండి, ముందు సీటు కింద పట్టే 8 అంగుళాల రకం. తండ్రి దాన్ని చూసి, "కంపెనీ వైరింగ్ జోలికి పోకు" అన్నారు. ఆయన పెళ్లికని ఊరెళ్లినప్పుడు ఈయన ఒక షాపుకు తీసుకెళ్లి పెట్టించారు. షాపు అబ్బాయి స్టీరియో బయటికి లాగి, వెనక వైర్లు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి గంటలో పని ముగించాడు. "పాటలకు బేస్ మస్తు వచ్చింది. రాత్రి బండి లాక్ చేసినంక కూడ సీటు కింద నీలం లైటు కనవడ్తది, అందంగ ఉంటది" అని రాశారు.

గురువారం సాయంత్రం పార్క్ చేసిన బండిని మళ్లీ ఆదివారం సాయంత్రం వరకు ఎవరూ తీయలేదు. ఆదివారం ఒకసారి తీయబోతే సెల్ఫ్ నీరసంగా తిరిగి ఎలాగో స్టార్టయింది. రెండు వీధులు తిరిగొచ్చి మళ్లీ పెట్టేశారు. సోమవారం పొద్దున తల్లిని షుగర్ పరీక్షకు పరగడుపున తీసుకెళ్లడానికి తండ్రి కీ తిప్పారు. సెల్ఫ్ కొట్టలేదు. టిక్ టిక్‌మని ఆగిపోయింది. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డారు. ఆ సాయంత్రం మెకానిక్ వచ్చి సీటు కింద చూసి విషయం బయటపెట్టాడు. "ముప్పై ఏండ్లు బస్సు నడిపిన. నా చేతిల బండి గిట్ల ఆగలే. ఇంట్ల చెప్పకుంట వైర్లు కోయిస్తవా?" అని తండ్రి అన్నారు. అప్పటి నుంచి మాట లేదు. బండిలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంజిన్ నడుస్తుంటే సబ్‌వూఫర్ నుంచి సన్నగా కూత వస్తోంది, యాక్సిలరేటర్ తొక్కితే అదీ పెరుగుతోంది. వచ్చే నెల తల్లి మొక్కు కోసం అందరూ మేడారం వెళ్లాలి. తీసేద్దామంటే బామ్మర్ది ఏమనుకుంటాడో, భార్య బాధపడుతుందేమో అని భయం. ఉంచితే తండ్రితో మాట ఎలా కలుస్తుందని బెంగ. "తప్పు డబ్బాదా, షాపు పిలగానిదా, నాదా? ఏం చేయమంటరు?" అని ముగించారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ నీలం లైటు. అందంగా ఉంటుందని రాశారు. బండి లాక్ చేసి, కీ జేబులో వేసుకుని ఇంట్లోకి వచ్చాక కూడా అది వెలుగుతోందంటే సబ్‌వూఫర్ లోపలి ఆంప్లిఫయర్ రాత్రంతా ఆన్‌లోనే ఉన్నట్టు. మీ బండి ఎందుకు ఆగిందో అక్కడే తెలిసిపోతోంది.

మిగతావి మాట్లాడుకునే ముందు, ఈ రాత్రికే ఒక పని చేయండి. బానెట్ తెరిచి బ్యాటరీ దగ్గర చూడండి. ప్లస్ టెర్మినల్ నుంచి కొత్తగా ఒక లావు వైరు, బహుశా ఎర్రది, లోపలికి వెళ్తుంటుంది. దాని మీద మూరెడు దూరంలోపు ప్లాస్టిక్ డబ్బీలో ఫ్యూజ్ కనబడితే ఆ ఫ్యూజ్ లాగి పక్కన పెట్టండి. సబ్‌వూఫర్‌కు కరెంటు ఆగిపోతుంది, కారుకు ఏమీ కాదు. ఫ్యూజ్ ఎక్కడా కనబడకపోతే మాత్రం ఆ వైరును అలా ఒక్క రోజు కూడా ఉంచకండి. ముందు మైనస్ టెర్మినల్ విప్పాలి, తర్వాత ప్లస్ దగ్గర ఆ అదనపు వైరు ఒక్కటే తీసి, దాని కొసకు టేపు బాగా చుట్టి పక్కకు కట్టాలి, చివర మైనస్ మళ్లీ బిగించాలి. ఈ వరస మార్చవద్దు. మైనస్ తగిలి ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా బాడీకి తాకిందంటే నిప్పురవ్వలు లేస్తాయి. చేతకాదనిపిస్తే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలవండి. టెర్మినల్ విప్పినందుకు గడియారం, స్టీరియో సెట్టింగులు పోవచ్చు, వాటి గురించి టెన్షన్ వద్దు.

ఫ్యూజ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, అది ఉన్నది సబ్‌వూఫర్ కోసం కాదు, ఆ వైరు కోసం. బ్యాటరీ నుంచి వచ్చే వైరు ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న ఇనుప గోడ దాటి రావాలి. ఆ రంధ్రంలో రబ్బరు బుష్ లేకుండా వైరు లాగితే బండి అదురుకు రేకు అంచు దాని తొడుగును కోస్తుంది. ఎలుకలూ కొరుకుతాయి. వడ్లు, మక్కలు ఉండే మన ఇళ్ల చుట్టూ వాటికి కొదవ లేదు. లోపలి రాగి బాడీకి తగిలిన క్షణాన బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదులుతుంది. ఫ్యూజ్ ఉంటే అది కాలి కథ అక్కడితో ఆగుతుంది. లేకపోతే వైరే ఎర్రగా కాలుతుంది, చుట్టూ కార్పెట్, సీటు స్పాంజి ఉంటాయి. బండి ఆగడం కన్నా నాకు ఇదే ఎక్కువ భయం.

ఇక బ్యాటరీ ఎందుకు దిగిందో చూద్దాం. పాట వైర్లు కాక, పవర్డ్ సబ్‌వూఫర్‌కు ఇంకో మూడు వైర్లు వస్తాయి. బ్యాటరీ నుంచి ప్లస్, బాడీకి వెళ్లే ఎర్త్, వీటితో పాటు 'ఇప్పుడు ఆన్ అవ్వు' అని చెప్పే సన్నని రిమోట్ వైరు. బయట కొనే స్టీరియోల వెనక ఈ రిమోట్ కోసం విడిగా ఒక వైరు ఉంటుంది. కంపెనీతో వచ్చే స్టీరియోల్లో చాలావాటికి ఉండదు. అప్పుడు కీ తిప్పితేనే కరెంటు వచ్చే లైను వెతికి దానికి కలపాలి. ఆ వెతుకులాటకు మీటరు, ఓపిక రెండూ కావాలి. మీ షాపు అబ్బాయి ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపేసి ఉంటాడు. పాట రాకపోయినా ఆన్‌లో ఉన్న ఆంప్ కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. అర ఆంపియర్ అనుకుందాం. గంటకు అర చొప్పున గురువారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రానికి 72 గంటలు, అంటే 36 ఆంపియర్ అవర్లు. చిన్న పెట్రోలు కార్లలో బ్యాటరీ దాదాపు 35 ఆంపియర్ అవర్లే ఉంటుంది. మీ ఆంప్ అంతకన్నా కాస్త తక్కువ తాగి ఉండాలి, అందుకే ఆదివారం ఎలాగో తిరిగింది. రెండు వీధులు తిరిగినంత మాత్రాన ఆ లోటు పూడదు. సోమవారం ఆగక తప్పలేదు.

కాబట్టి బ్యాటరీ చెడ్డది కాదు, కారు చెడ్డది కాదు, సబ్‌వూఫర్ కూడా చెడ్డది కాదు. ఒక సన్నని వైరు తప్పు చోట కలిసింది. అయితే అడుగంటా దిగిన బ్యాటరీ లోపల కొంత దెబ్బతింటుంది. దాన్ని చార్జర్‌తో నిండుగా ఎక్కించి, బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేయించండి. ఇంజిన్ ఆపిన కొన్ని గంటల తర్వాత 12.6 వోల్టుల దగ్గర నిలబడితే మంచిదే. 12 దగ్గరికి జారుతుంటే మేడారం దారికి దాన్ని నమ్ముకోవద్దు. ములుగు దాటి తాడ్వాయి అడవిలో సెల్ఫ్ కొట్టకపోతే ఆటో కూడా దొరకదు.

ఆ కూత సంగతి వేరు. యాక్సిలరేటర్‌తో పాటు పెరుగుతోందంటే అది ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి వస్తున్న మోత, పాటలోది కాదు. ఎటు నుంచి దూరుతోందో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తుండగా, సబ్‌వూఫర్‌కు వచ్చే పాట వైర్ల ప్లగ్ మాత్రం పీకండి. కూత అలాగే ఉంటే లోపం కరెంటులోనో ఎర్త్‌లోనో ఉంది. ఆగిపోతే పాట వైర్ల దారిలో ఉంది. (లావు వైరుకు ఫ్యూజ్ ఉందని తేలితేనే ఈ పరీక్షకు కరెంటు ఇవ్వండి.) ఎక్కువ బళ్లలో అసలు దొంగ ఎర్త్ వైరే. సీటు జరిగే పట్టాల స్క్రూ కింద పెయింటు మీదే వైరు పెట్టి బిగిస్తారు. పెయింటు కరెంటును పోనివ్వదు. బాడీ రేకు మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక, వైరు కొసకు రింగు లగ్గు (గుండ్రని లోహపు రింగు) వేసి, బోల్టుతో బిగించాలి. ఈ ఎర్త్ వైరు మూరెడు మించకూడదు. సీటు బెల్టు బోల్టును మాత్రం ఎవరినీ ముట్టనివ్వకండి, అది ప్రాణానికి సంబంధించినది. అలాగే సీటు కింద పసుపు రంగు తొడుగుతోనో పసుపు ప్లగ్గుతోనో వైర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని విప్పడం, కోయడం, మీటరు పెట్టి చూడడం ఏదీ చేయకూడదు.

పాట వైర్ల దగ్గర ఇంకో పొరపాటు జరిగి ఉండే అవకాశం ఉంది. కంపెనీ స్టీరియో నుంచి స్పీకర్‌కు వెళ్లే రెండు వైర్లలో ఏదీ ఎర్త్ కాదు. స్టీరియో నడుస్తున్నప్పుడు రెండింటి మీదా దాదాపు 6 వోల్టులు ఉంటాయి. స్పీకర్ వైర్ల సిగ్నల్‌ను తగ్గించి ఆంప్‌కు ఇచ్చే చవక కన్వర్టర్ డబ్బీలు వాడినప్పుడో, తెలియక కలిపినప్పుడో స్పీకర్ మైనస్‌ను బాడీకి తగిలించేస్తారు. అలా చేస్తే కూత రావడమే కాదు, స్టీరియోలోని ఐసీ కాలిపోవచ్చు. మీ సబ్‌వూఫర్‌కు హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్లను నేరుగా తీసుకునే ప్లగ్) ఉంటే కన్వర్టర్ అసలు అక్కర్లేదు, స్పీకర్ వైర్లు నేరుగా దానికి ఇవ్వొచ్చు. చాలా రకాలు ఆ 6 వోల్టులను చూసి వాటంతట అవే ఆన్ అవుతాయి, స్టీరియో ఆపితే ఆగుతాయి. మాన్యువల్‌లోనో, డబ్బా మీద చిన్న స్విచ్ పక్కనో 'ఆటో' అని ఉందేమో వెతకండి. ఉంటే రిమోట్ వైరు గొడవే ఉండదు.

ఇప్పుడు మీ నాన్నగారి విషయం. వైర్ల గురించి ఇంతసేపు రాసినా, మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ముఖ్యంగా అనిపించింది ఇదే.

ఆయన కోపాన్ని మీరు పాటల మీద కోపంగా చదువుతున్నారు. ఆ పొద్దున ఏం జరిగిందో ఆయన వైపు నుంచి చూడండి. షుగర్ ఉన్న భార్య పరగడుపున ఉంది. ఆలస్యమైన కొద్దీ ఆవిడకు కళ్లు తిరుగుతాయేమోనని ఆయనకు భయం. ఎన్నో ఏళ్లు జనాన్ని అడవి దారిలో ఇళ్లకు చేర్చిన మనిషి, సొంత భార్యను ఆస్పత్రికి తీసుకెళ్లలేక రోడ్డు మీద ఆటోకు చెయ్యెత్తారు. ఎందుకు ఆగిందో ఆయనకు తెలియదు, మీకూ తెలియదు. సాయంత్రం బయటి మనిషి వచ్చి చెబితే తెలిసింది. మీరు ముందే చెప్పి ఉంటే బండి ఆగేదేమో కానీ, ఆయనకు ఇంత అవమానంగా ఉండేది కాదు.

అందుకే ఆయనతో మాట్లాడేటప్పుడు రెండు విషయాలు కలపకండి. చెప్పకుండా చేయించడం ఒకటి, వైరు తప్పు కలవడం ఇంకొకటి. రెండో దాన్ని ముందు పెట్టి, "షాపోడు తప్పు కలిపిండు నాయినా, నేనేం చేస్త" అన్నారంటే మొదటిది కప్పిపుచ్చుతున్నట్టే ఆయనకు వినిపిస్తుంది. మొదటిది ముందు చెప్పండి, దాని వెనక 'కానీ' రానివ్వకండి. అమ్మ ఎదురుగా చెబితే ఇంకా మంచిది, ఇబ్బంది పడింది ఆవిడే కదా. ఆ మాటతోనే ఆయన కరిగిపోవాలని ఎదురుచూడకండి. అది అయ్యాక, అదే రోజు కాకపోయినా సరే, ఫ్యూజ్ పీకేశానని, బ్యాటరీ చూపించానని చెప్పండి. బండి ఇక ఆగదని తెలిస్తే ఆయనకు సగం భారం దిగుతుంది.

ఇక డబ్బా ఉంచాలా తీయాలా అన్నది. నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి తోసేయమంటాను, మిగతా మూడు మీ ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి.

తోసేయమన్నది ఏమిటంటే, అదే షాపుకు వెళ్లి రిమోట్ వైరు ఒక్కటి మార్పించుకుని రావడం. వాళ్లు ఊరికే చేసిస్తారు, పావుగంట పని, లైటు ఆగిపోతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు స్టీరియో వెనక అలాగే ఉంటాయి. మన దగ్గర మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు వెనక టేపు జిగురు కరిగి జారుతుంది, మెలి వదులవుతుంది. ఒక స్పీకర్ వైరు ఇంకోదానికి తగిలితే స్టీరియో పోతుంది. అప్పుడు మీ నాన్నగారికి రెండోసారి జవాబు చెప్పాలి. రెండోసారి చాలా కష్టం.

పూర్తిగా తీసేయడం ఒక దారి. ఇందులో ఇంట్లో శాంతి త్వరగా వస్తుంది, మేడారం ప్రయాణానికి అనుమానం ఉండదు. కానీ తీసేయడమంటే డబ్బా ఎత్తి డిక్కీలో పెట్టడం కాదు. కోసిన స్పీకర్ వైర్లను క్రింపు పెట్టి గానీ సోల్డర్ చేసి గానీ కలిపి, వేడికి ముడుచుకునే స్లీవ్ వేయించాలి. బ్యాటరీ నుంచి వచ్చిన వైరు మొత్తం బయటికి లాగేయాలి, గోడలో చేసిన రంధ్రం రబ్బరుతో మూయాలి, లేకపోతే వానాకాలం నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి. ఇంత చేసినా కోత కనబడకుండా పోదు. రేపు స్టీరియోకో దాని వైరింగ్‌కో రిపేరు వస్తే సర్వీస్ సెంటర్ వాళ్లు వారంటీ కింద చేయబోమని అనవచ్చు. బండితో వచ్చిన వారంటీ పుస్తకంలో బయటి ఎలక్ట్రికల్ పనుల గురించి ఏం రాశారో మీరే ఒకసారి చదవండి, షాపువాడి మాట మీదా నా మాట మీదా ఆగవద్దు.

ఇంకో దారి, ఉంచి మొదటి నుంచి సరిగా చేయించడం. ముందు కోసిన వైర్లు పైన చెప్పినట్టు కలిపించి, మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ తెప్పించాలి. అది స్టీరియో వెనక ప్లగ్గుకూ కంపెనీ వైరింగ్ ప్లగ్గుకూ మధ్యలో కూర్చుంటుంది, దాని నుంచే సబ్‌వూఫర్‌కు పాట వైర్లు వస్తాయి. ఇక ఏ వైరూ కోయక్కర్లేదు, రేపు తీసేయాలన్నా ప్లగ్ పీకితే చాలు. లావు వైరు స్వచ్ఛమైన రాగిది అడగండి. కిట్లలో చాలావాటిలో అల్యూమినియం తీగ మీద రాగి పూత మాత్రమే ఉంటుంది, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొసన గీకి చూస్తే అల్యూమినియందైతే లోపల తెల్లగా మెరుస్తుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లను చూసి వైరు ఎంచుకోవద్దు, ఆర్‌ఎంఎస్ అన్న అంకె, అంటే నిలకడగా ఇవ్వగల పవర్, చూడండి. అది 150 వాట్లు అయితే గట్టిగా పాడినప్పుడు సుమారు 13, 14 ఆంపియర్లు లాగుతుంది. 8 గేజ్ (వైరు లావును చెప్పే అంకె) రాగి వైరు దానికి ధారాళంగా సరిపోతుంది. ఫ్యూజ్ ఎన్ని ఆంపియర్లదో సబ్‌వూఫర్ మాన్యువల్ చెబుతుంది, అంతకు మించి వేయనివ్వకండి. కరెంటు వైరు బండికి ఒక పక్క నుంచి, పాట వైర్లు రెండో పక్క నుంచి రావాలి. సీటు ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపి ఏ వైరూ నలగడం లేదని చూసుకోవాలి. పని అయ్యాక బండి లాక్ చేసి, అరగంట ఆగి, మైనస్ దగ్గర మల్టీమీటర్ పెట్టి ఎంత కరెంటు పోతోందో చూపించమనండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఇది పూట పని, గంటలో అయ్యేది కాదు. కిట్, కప్లర్, కూలీ కలిపి మళ్లీ కొన్ని వేలు అవుతాయి. బండి మీ నాన్నగారి పేరు మీద ఉంది, బీమా ఆయన పేరు మీద ఉంది. బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామాను విలువ పాలసీలో విడిగా రాయించకపోతే, పోయినప్పుడు దానికి డబ్బు రాదు. అలా రాయించడానికీ ఆయన సంతకమే కావాలి. కాబట్టి ఈ దారిలో ఆయన ఒప్పుకోలు మర్యాద కోసం అడిగేది కాదు, అది లేకుండా పని ముందుకు పోదు. ఆయన వద్దంటే వద్దే. ఒప్పుకుంటే మాత్రం పని జరిగేటప్పుడు పక్కన ఉండమని అడగండి. డ్యూటీ ఎక్కే ముందు బండి చుట్టూ తిరిగి చూసుకున్న కళ్లు అవి. ఫ్యూజ్ ఎక్కడుందో, దేన్ని పీకితే డబ్బా ఆగిపోతుందో ఆయన చేతికి తెలిసి ఉండాలి, రేపు బండి తీసుకుని వెళ్లేది ఆయనే కదా.

నాలుగోది మీరు అడగలేదు, అయినా చెబుతాను. మీకు డప్పు పాటలు ఇష్టమని, ఆ దరువు కంపెనీ స్పీకర్లలో రావడం లేదని రాశారు. డప్పులో రెండు శబ్దాలు ఉంటాయి. గుండెకు తగిలే గుమ్ము ఒకటి, పుల్ల తోలు మీద పడినప్పుడు వచ్చే చిటపట ఒకటి. గుమ్ములో కొంత సబ్‌వూఫర్ ఇస్తుంది. ఆ చిటపట మాత్రం తలుపుల్లోని స్పీకర్ల నుంచే రావాలి. తలుపు రేకు పల్చగా ఉండి అదురుతుంటే రెండూ చెడిపోతాయి. ముందు తలుపులు రెండింటికీ లోపల అదురును తగ్గించే డ్యాంపింగ్ షీట్లు అతికిస్తే అదే స్టీరియోతో, అవే స్పీకర్లతో తేడా తెలుస్తుంది. వైరు కోయక్కర్లేదు, బ్యాటరీతో పని లేదు. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తే చాలు. సబ్‌వూఫర్ ఉంచినా తీసినా ఇది పనికొస్తుంది. నాన్నగారు డబ్బాకు ఒప్పుకోకపోయినా దీనికి ఒప్పుకోవచ్చు.

ఉంచేటట్టయితే శబ్దం కుదుర్చుకోవడం గురించి కొంచెం. షాపు వాళ్లు సబ్‌వూఫర్ మీది గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పి వదిలేస్తారు, బేరం కుదరడానికి. అది వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో పంపే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టేది. పూర్తిగా తిప్పితే కూత కూడా అంతే పెద్దదవుతుంది. స్టీరియోలో బేస్ మధ్యలో పెట్టి, వాల్యూమ్ ముప్పావు దాకా తెచ్చి, గెయిన్ సున్నా నుంచి మెల్లగా పెంచండి. డ్రమ్ము సీటు కింద నుంచి కాక ముందు నుంచి వస్తున్నట్టు అనిపించే చోట ఆపండి. లో పాస్ (సబ్‌వూఫర్‌కు లోతైన శబ్దాలను మాత్రమే వదిలే నాబ్) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. ఫేజ్ స్విచ్ అటూ ఇటూ మార్చి, ఏ వైపు బేస్ నిండుగా వినిపిస్తే అక్కడ వదిలేయండి. రాత్రి పది దాటాక గల్లీలోకి వచ్చేటప్పుడు తగ్గించండి. అద్దాలు ఎత్తినా బేస్ పక్కింటి గోడ దాటుతుంది, ఆ ఇంట్లో పరీక్షలకు చదివే పిల్లలు ఉంటారు.

మిగిలింది మీ బామ్మర్ది. ఆయన మొదటి జీతం ఖర్చు పెట్టాడు, ప్రేమతో ఇచ్చాడు. తీసేశారని మూడో మనిషి ద్వారా తెలిస్తే తప్పకుండా నొచ్చుకుంటాడు. మీరే ఫోన్ చేసి, బండి ఎలా ఆగిందో, అమ్మ ఎలా ఇబ్బంది పడిందో ఉన్నది ఉన్నట్టు చెబితే నొచ్చుకోడనే అనుకుంటున్నాను. మీ ఇంటి పెద్దావిడ పరగడుపున రోడ్డు మీద నిలబడిందని విన్నవాడు డబ్బా గురించి ఆలోచించడు. అయితే ఆ ఫోన్ కన్నా ముందు మీ భార్యతో మాట్లాడండి. ఉత్తరం మొత్తంలో ఆమె ఏమందో ఒక్క ముక్క లేదు, బాధపడుతుందేమోనన్న మీ ఊహే ఉంది. ఆ ఇంటి కోడలిగా, ఇచ్చినవాడి అక్కగా రెండు వైపులా తెలిసింది ఆమెకే. ఏ దారి మంచిదో ఆమెను అడగండి. తమ్ముడికి ఆమె చెబుతుందా, మీరు చెబుతారా అన్నది ఆమెనే తేల్చనివ్వండి. డబ్బాను తీసేయాలనే అందరూ అనుకుంటే అమ్మేయవద్దు. అట్టపెట్టెలో పెట్టి, వైర్లూ మాన్యువలూ దానితోనే ఉంచండి. మీ పేరు మీద ఒక బండి వచ్చిన రోజున, లేదా బామ్మర్దే కారు కొన్న రోజున, అది మళ్లీ పనికొస్తుంది.